మూడు దినాల సాక్ష్యం

ఉదయగిరి
18-1-1982

ఎస్తేరు వదినకి,

నీ మేనమామ కూతురు వరదమ్మ రాసేది. అందరం క్షేమం అని మొదట రాయాలి కాబట్టి రాశాను. ఆ మాట నమ్మకుండా మిగతాది చదువు.

నా తమ్ముడు మాలకొండయ్య సంగతి నీకు సగమే తెలుసు. పోయిన జూలైలో సీతారామపురం పక్క ఒక రైతు బావి లోతు చేయిస్తుంటే కూలికి వెళ్ళాడు. మందు పేల్చాక అడుక్కి దిగితే గట్టు విరిగి మీద పడింది. వాడితో దిగిన చెంచయ్య పోయాడు. వీడిని మర్నాడు సాయంత్రం తాళ్ళేసి లాగారు. ఎముక కూడా విరగలేదు. అప్పుడు నువ్వు ఆత్మకూరు నుంచి వచ్చి, గాయాలకి కట్లు కట్టి, దేవుడి దయ అని ఏడ్చి వెళ్ళావు. మిగతా సగం నువ్వు వెళ్ళాక మొదలైంది.

వాడు ఇంట్లో పడుకోడు. తలుపు వెయ్యనివ్వడు. కళ్ళు మూతపడితే అరుస్తాడు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే ఎగిరి పడతాడు. పనికి పోడు. పళ్ళెం కింద పడి చప్పుడైతే, పడేసిన వాళ్ళని కొట్టడానికి లేస్తాడు. పోయిన నెల పెళ్ళాం రాహేలు బతిమాలి ఒక రాత్రి లోపల పడుకోబెట్టింది. వాడు నిద్రలో మట్టి అనుకొని ఆ పిల్ల భుజం గోళ్ళతో తవ్వాడు. తెల్లారి ఆ పిల్ల బిడ్డనెత్తుకొని వింజమూరు పుట్టింటికి వెళ్ళిపోయింది. నేనైనా వెళ్ళేదాన్నే. వాళ్ళ నాయన కబురు పంపాడు: ఈస్టరు లోపల అల్లుడు మనిషైతే సరి, లేదంటే ఈస్టరు మర్నాడు సంఘ పెద్దలని కూర్చోబెట్టి తెగదెంపులు చేసుకుంటాం అని.

ఇల్లు ఇట్లా ఉంటే బయట మాత్రం వాడు గొప్పవాడైపోయాడు. చెంచురామయ్య పాస్టరుగారు ఒక ఆదివారం వాడిని లేపి సాక్ష్యం చెప్పించారు. ప్రభువు నన్ను గోతిలో నుంచి లేవనెత్తాడు అన్నాడు, జనం ఏడ్చారు. పక్క ఊరి సంఘం పిలిచింది. దాని పక్క ఊరు ఊరుకుంటుందా? మొదట్లో ఒకటిన్నర రోజు బావిలో ఉన్నానని చెప్పేవాడు. దుత్తలూరు చేరేసరికి రెండు రోజులైంది. ఇప్పుడు మూడు దినాలు, యోనా చేప కడుపులో ఉన్నట్టు. ఇదేం లెక్క అని పాస్టరుగారిని అడిగాను. "ప్రభువు గూడా శుక్రవారం సాయంత్రం పోయి ఆదివారం తెల్లారకముందే లేచినాడు. దాన్ని మూడు దినాలనే గదమ్మా అంటా ఉండాము" అన్నారు. ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్న పంతులమ్మని, జవాబు తోచక ఇంటికొచ్చాను.

రచ్చ గెలిచాడు, ఇంట ఓడాడు. నాయన పోయాక వాడిని పెంచింది నేను. వాడు ఇట్లా అవుతుంటే చూడలేకపోతున్నాను వదినా. నువ్వు పెద్ద నర్సువి గదా, మంచి నిద్రమాత్రలు ఒక సీసా బస్సు కండక్టరు చేతికిచ్చి పంపు. ఎవరికీ చెప్పకు. పిచ్చి అన్న మాట బయటికి పొక్కితే పంచాయతీ దాకా కూడా ఆగరు.

ఎప్పుడూ నిన్ను విసిగించే
వరదమ్మ


ఆత్మకూరు
27-1-1982

వరదమ్మ వదినా,

మాత్రలు పంపను. సీసా కండక్టరు చేతికిస్తే, సోమశిల అడ్డరోడ్డు దాటకముందే వాడు రెండు మింగి డ్రైవరుకి రెండు ఇస్తాడు. ఆ తరువాత బస్సు మొత్తం సాక్ష్యం చెప్పాల్సి వస్తుంది.

ఎవరికీ చెప్పవద్దన్నావు కాబట్టి ఒకరికే చెప్పాను. జనార్దనయ్య అని బెంగుళూరులో మనసు జబ్బుల చదువు చదివి వచ్చిన డాక్టరు, మంగళవారాలు మా ఆసుపత్రికి వస్తున్నాడు. చిన్నవాడు. మీసం సరిగ్గా మొలవలేదు గాని మాట మొలిచింది. పేరు చెప్పకుండా, "మా బంధువుల్లో ఒకడు" అని మొదలుపెట్టాను. నేను సగం చెప్పేసరికి మిగతా సగం ఆయనే చెప్పాడు: తలుపు మూయనివ్వడు, ఉలిక్కిపడతాడు, కోపం, ఆ చోటి పేరెత్తనివ్వడు, కలలో అదే మళ్ళీ జరుగుతుంది. ఈయన మీ వీధిలో కాపురం ఉన్నాడేమో అనుకున్నాను.

పిచ్చి కాదట. పిరికితనం కాదట. గాలీ దయ్యం అంతకన్నా కాదట. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు అని మనం ఎగతాళి చేస్తాం చూడు, ఈ జబ్బు అదే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఒంట్లో కాపలా కుక్క లేచి మొరుగుతుంది. దొంగ పోయాడని దానికి ఎవరూ చెప్పలేదు. ఆరునెలలైనా మొరుగుతూనే ఉంది. యుద్ధం నుంచి వచ్చిన సిపాయిలకి ఉంటుందని ఎప్పటి నుంచో తెలుసట. పోస్ట్ ట్రమాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని అమెరికా డాక్టర్లు పేరు పెట్టి రెండేళ్ళే అయిందట. అంటే వయసులో మన రాహేలు బిడ్డకి జోడు.

మందు సంగతి అడిగాను. నిద్రకీ గుండెదడకీ మాత్రలు ఉన్నాయట, ఆయన చూసి రాయాలి. అసలు మందు వేరే అన్నాడు. ఆ రోజు ఏం జరిగిందో నోటితో చెప్పాలట. ఒకసారి కాదు, పదే పదే చెప్పాలట. దాచిపెడితే ముదురుతుంది అన్నాడు. ఏ మంగళవారమైనా తీసుకురా. చర్చి పని అని చెప్పి తీసుకొచ్చినా పాపం లేదు.

నీ చేతి రాత చూస్తుంటే అక్షరాలు వణుకుతున్నాయి. నువ్వు కూడా కాస్త తిని పడుకో.

ఎస్తేరమ్మ


ఉదయగిరి
13-2-1982

వదినా,

నీ డాక్టరు నోటికి చక్కెర పొయ్యాలి. పదే పదే చెప్పాలన్నాడా? మేము అదే గదా చేయిస్తున్నది. ఉత్తరం అందిన రోజే పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పొంగిపోయి, దేవుని జ్ఞానమూ మనుషుల జ్ఞానమూ ఒక్కచోట కలిసినాయి అని, ఈ రెండు వారాల్లో తొమ్మిది చోట్ల సాక్ష్యం పెట్టించారు. సీతారామపురం పక్కకి తప్ప అన్ని పక్కలకీ పంపారు. అటు మాత్రం వాడు రానన్నాడు. మొత్తం పద్నాలుగు సంఘాలు. ఇప్పుడు వాడికి చదువుకున్న పద్యం మాదిరి వస్తుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ పాట ఎత్తుకోవాలో అన్నీ తెలుసు. ఒక ఊళ్ళో కోడిని ఇచ్చారు, ఇంకో ఊళ్ళో దుప్పటి.

మేము కూడా మా వంతు చేస్తున్నాం. మా ఇంటికీ బీబమ్మ ఇంటికీ మధ్య చేదబావి ఉంది గదా, దాని మీద చెక్కలు పరిచేశాం. బావి అన్న మాట వీధిలో ఎవరూ అనరు. "అది" అంటాం. చేద పడితే, "అదిలో పడింది" అంటాం. గిలక కిర్రుమంటే వాడు చెవులు మూసుకుంటాడని, బీబమ్మ రోజూ ఆముదం పోస్తుంది. వాడు ఇంట్లో లేనప్పుడే చెక్కలు తీసి తోడుకుంటాం. బీబమ్మ మొగుడు ఖాదర్ బాషా చెక్క గంటెలు చేస్తాడు గదా, వీడు వీధిలో కనబడితే సుత్తి కింద పెట్టి చెక్కవైపు చూస్తూ కూర్చుంటాడు. ఆ గంటెలు ఎప్పటికి పూర్తవుతాయో ఆ పీర్లకే తెలియాలి. బీబమ్మ తాయెత్తు కూడా కట్టింది. పాస్టరుగారికి కనబడకుండా చొక్కా చేతి కింద దాచాం. ఏ దేవుడు ఎప్పుడు తీరిగ్గా ఉంటాడో మనకేం తెలుసు?

ఇంత చేసినా వాడు బాగుపడడం లేదు. చెప్పకూడదు గాని ముదిరింది. పోయిన ఆదివారం సాక్ష్యం అయిపోగానే చర్చి వెనక సారా తాగుతూ దొరికాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది మీ ఆత్మకూరు వైద్యం. 23వ తేదీ మంగళవారం నీ దగ్గరికి పంపుతున్నాను. ఇంజెక్షను అని చెప్పాను.

రాహేలు నుంచి ఉత్తరం లేదు.

వరదమ్మ


ఆత్మకూరు
25-2-1982

వరదమ్మ వదినా,

నిన్ను ఏమని తిట్టాలో తెలియక రెండు రోజులు ఆగి రాస్తున్నాను. మీ వీధి వీధంతా కలిసి ఆ జబ్బుకి పాలు పోసి పెంచుతున్నారు.

మాలకొండయ్య మంగళవారం వచ్చాడు. బస్సులో కిటికీ పక్కన సీటు దొరకలేదని తలుపు దగ్గర నిలబడే వచ్చాడట. డాక్టరు కూర్చోబెట్టి, ఏం జరిగింది నాయనా అని అడిగాడు. నా మరిది లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. మూడు దినాలు, మూడు రాత్రులు, అగాధ జలములు అని మొదలుపెట్టి ఇరవై నిమిషాలు చెప్పి, చివర పాట పాడి ఆమేన్ అన్నాడు. బయట బెంచీ మీద రోగులు కూడా ఆమేన్ అన్నారు. నేను కూడా అన్నాను, అలవాటు.

డాక్టరు చప్పట్లు కొట్టలేదు. "లోపల ఏం వాసన వచ్చింది?" అని అడిగాడు. వీడు తెల్లబోయాడు. "నువ్వు చిక్కుకున్నది పొద్దున. మూడు రాత్రులన్నావు గాని, నీ కథలో గట్టు పడగానే తాళ్ళు దిగుతున్నాయి. మధ్యలో ఒక రాత్రి ఉండాలి గదా, అది ఎక్కడ పోయింది?" అన్నాడు. వీడి మొహంలో నెత్తురు లేదు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బస్టాండుకి నడిచాడు. నేను చెప్పులు పట్టుకొని వెనక పరిగెత్తాను. యాభై ఏళ్ళ వయసులో యూనిఫారం కట్టుకొని మరిది వెనక చెప్పులతో పరిగెత్తితే ఆత్మకూరు బజారు ఏమనుకుంటుందో నువ్వే ఊహించుకో.

తిరిగొచ్చి చూస్తే డాక్టరు సంతోషంగా ఉన్నాడు. పుండు ఎక్కడుందో తెలిసింది అన్నాడు. నాకు ఒళ్ళు మండి, ఆ మాత్రం చూడడానికి బెంగుళూరు చదువెందుకు అని అడిగేశాను. అప్పుడు విడమరిచి చెప్పాడు. సాక్ష్యం వేరు, చెప్పడం వేరు. సాక్ష్యం నున్నగా ఉంటుంది. ఎక్కడ నొప్పి ఉందో అక్కడ కాలు పెట్టకుండా దాటిపోతుంది. పద్నాలుగు సార్లు చెప్పి పద్నాలుగు సార్లు దాటేశాడు. దాటిన ప్రతిసారీ లోపలి భయానికి బలం పెరిగింది. ఇక ఆ చెక్కలు, ఆముదం, "అది" అని పేరు పెట్టడం విని ఆయన తల పట్టుకున్నాడు. మనిషి దేనికి భయపడతాడో దాన్ని కళ్ళ ముందు నుంచి తీసేస్తే, అది నిజంగానే చంపుతుందని ఒంటికి నమ్మకం కలుగుతుందట. మెల్లమెల్లగా దగ్గరికి పోవాలి, పోయి అక్కడ కూర్చోవాలి, గుండెదడ తగ్గేదాకా లేవకూడదు. అదే వైద్యం.

తప్పు నాది కూడా. పదే పదే చెప్పించు అని రాసి ఊరుకున్నాను. ఏం చెప్పాలో రాయలేదు.

చెప్పులు ఈ ఉత్తరంతో పాటు కండక్టరు చేతికిస్తున్నాను. వాటిని మింగడులే.

ఎస్తేరమ్మ


ఉదయగిరి
8-3-1982

వదినా,

చెప్పులు అందాయి. మనిషే అందకుండా పోయాడు. వాడు నాతో మాట్లాడడం లేదు. ఇద్దరాడోళ్ళు కలిసి నన్ను పట్టించినారు అన్నాడట బీబమ్మతో. పాస్టరుగారు నా మీద మండిపడుతున్నారు. ఆత్మకూరు డాక్టరు మన సాక్ష్యం అబద్ధమన్నాడని, వాడి చేత దాన్ని ఒప్పించి మతం మార్పిస్తాడని ఊళ్ళో పుకారు. పాపం, రోగిని వాసన గురించి అడిగినందుకు ఇంత. ఈస్టరు పొద్దున మైకు పెట్టి నాలుగు సంఘాలని పిలిచి మాలకొండయ్య చేత సాక్ష్యం చెప్పిస్తామని పాస్టరుగారు అచ్చు కాగితాలు కూడా పంచారు.

ఇది చాలదన్నట్టు, రాహేలు పుట్టింటి నుంచి ఎందుకు రావడం లేదో ఇప్పుడు తెలిసింది. భుజం గాయం ఎప్పుడో మానిందట. వాళ్ళ అమ్మ చెప్పింది: "పదైదు దినాలకొకసారి సంచి నింపుకోని సీతారామపురం బస్సెక్కతాడు మీ వాడు. సాక్ష్యానికి ఆ పక్కకి పోనంటాడు, సంచికి మాత్రం పోతాడు. ఆడ ఎవుర్నో పెట్టుకోనుండాడు." మా ఇంట్లో రాగులు ఎందుకు తరుగుతున్నాయో అప్పుడు తెలిసింది.

మొన్న శనివారం సంచి నింపాడు. నేను బడికి సెలవు పెట్టి, బీబమ్మ బురఖా అడిగి తొడుక్కొని, అదే బస్సెక్కాను. నవ్వితే నవ్వు. బస్సులో ఇద్దరు సాయిబులు లేచి సీటు ఇచ్చారు, పంతులమ్మగా ఇరవై ఏళ్ళలో ఎవరూ ఇవ్వలేదు. వాడు దిగి, ఊరి చివర ఒక పూరింటి గడప మీద సంచి పెట్టి, తలుపు తట్టకుండా పరిగెత్తాడు. దొంగలు మూట ఎత్తుకొని పరిగెత్తుతారు, వీడు మూట పెట్టి పరిగెత్తాడు. ఆ ఇల్లు ఎవరిదని అడిగాను. చెంచయ్య తల్లిది, వెంకమ్మ అని ముసలామెది.

ఆడమనిషి సంగతి తేలిపోయి ఊపిరి పీల్చుకున్నాను. అరగంటకి మళ్ళీ ఊపిరి ఆగింది. జాలి ఉన్నవాడు గడపలో కూర్చొని పలకరిస్తాడు, పరిగెత్తడు. ఆ రాత్రి లోపల ఏం జరిగింది వదినా? ఉన్న నీళ్ళు వీడొక్కడే తాగాడా? పైకెక్కడానికి వాడి మీద కాలు పెట్టాడా? నేను పెంచినవాడు మనిషిని చంపి ఉంటాడా అని ఆలోచిస్తూ ఇవాళ బడిలో పిల్లలకి అన్నీ తప్పు లెక్కలే చెప్పాను. నాకు భయంగా ఉంది. నిజం తెలిసినా భయమే, తెలియకపోయినా భయమే.

వరదమ్మ


ఆత్మకూరు
12-3-1982

వదినా,

కార్డు కాబట్టి పోస్టుమాన్ చదువుతాడు. అందుకే పేర్లు రాయను. ఆ మనిషి మంగళవారం తనంతట తానే వచ్చాడు. ఈసారి పాట పాడలేదు. గంటన్నర లోపలే ఉన్నాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. తలుపుకి చెవి పెట్టాను గాని డాక్టరు తెలివైనవాడు, వరండాలో రేడియో పెద్దగా పెట్టించాడు. వ్యవసాయదారుల కార్యక్రమం మొత్తం విన్నాను. బయటికి వచ్చినప్పుడు చొక్కా తడిసిపోయి ఉంది, కాని చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. నీ అనుమానం డాక్టరుతో అనలేదు, నువ్వు కూడా ఎవరితో అనకు. గిలకకి ఆముదం ఆపించు. చెక్కలు తీయించు. మిగతాది కవరులో.

ఎ.


ఆత్మకూరు
31-3-1982

వరదమ్మ వదినా,

నాలుగు మంగళవారాలు అయ్యాయి, వచ్చే వారం ఐదోది. మాత్రలు రాశాడు, రాత్రి ఒకటి. సారా, మాత్ర ఒకే కడుపులో వేస్తే మనిషి లేవడని నేనే గట్టిగా చెప్పాను. మానేశానన్నాడు. నోటి వాసన చూశాను, నిజమే.

వైద్యం ఎట్లా ఉంటుందో నువ్వు చూడాలి. వాడిని కళ్ళు మూయించి, ఇప్పుడు బావి అడుగున ఉన్నట్టే చెప్పమంటాడు. "దిగినాను" అంటే ఒప్పుకోడు, "దిగతా ఉండాను" అనమంటాడు. ఏం కనబడుతోంది, చేతికి ఏం తగులుతోంది, ఎవరు ఏమంటున్నారు, అన్నీ. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి. రేడియో ఉన్నా ఇంత మటుకు వినబడింది. మొదటిసారి ఏడుపే ఎక్కువ. మూడో వారానికి మాటలు ఎక్కువయ్యాయి. నయం కావడం అంటే మరిచిపోవడం కాదట. గుర్తొచ్చినా ఒళ్ళు బావిలోకి పోకుండా ఇక్కడే ఉండడమట.

ఇక మెట్ల పద్ధతి. భయాలన్నీ వరసగా రాసి ఒక్కోదానికి వందకి మార్కులు వేయిస్తాడు. గిలక చప్పుడుకి నలభై, తలుపు మూసిన గదికి అరవై ఐదు, బావి గట్టు మీద కూర్చోవడానికి డెబ్బై, లోపలికి తొంగి చూడడానికి ఎనభై ఐదు. ఇక్కడ నీ సంగతి తెలిసింది. వాడు బావికి ఎనభై ఐదు వేశానని చెబితే, క్లాసులో ఫస్టు వచ్చినట్టు సంబరపడి వీధిలో శనగలు పంచావట. అవి భయం మార్కులు తల్లీ. తగ్గితే మంచిది. సున్నా వస్తే అప్పుడు పంచు.

అన్నిటికంటే పైన వంద మార్కుల మెట్టు ఒకటుంది. అది ఏమిటో రాయమంటే వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడట. డాక్టరు బలవంతం చేయలేదు. అది బావికి సంబంధించింది కాదు అని మాత్రం నాతో అన్నాడు. నీ సంచి కథ గుర్తొచ్చి, నేను కూడా ఏమీ అనలేదు.

నువ్వు అడిగిన దానికి జవాబు నా దగ్గర లేదు. ఒకటి చెప్పగలను. ముప్పై ఏళ్ళుగా నర్సు పని చేస్తున్నాను, మనిషిని చంపి తప్పించుకున్న వాళ్ళని ఇద్దరిని చూశాను. ఇద్దరూ హాయిగా నిద్రపోయేవాళ్ళు.

ఎస్తేరమ్మ


ఉదయగిరి
13-4-1982

నా ఎస్తేరు వదినకి,

ఈస్టరు ఎట్లా జరిగిందో చెబుతాను, తీరిగ్గా కూర్చొని చదువు. ముందు ఒక మాట. వాడు పూర్తిగా బాగయ్యాడని రాయను. నిన్న కూడా టపాకాయ పేలితే గోడకి అతుక్కున్నాడు. కాని లెక్కపెట్టుకొని ఊపిరి పీల్చి, తనంతట తానే వచ్చి అన్నం తిన్నాడు.

శనివారం వాడు వింజమూరు వెళ్ళాడు. రాహేలు వాళ్ళ గడపలో నిలబడి, "రేపు నాతో రా. నేను సంచి తీసుకోని ఎవురింటికి పోతా ఉండానో చూద్దువు. చూసినాక పంచాయతీ పెట్టుకో" అన్నాడట. ఆ పిల్ల కొంగు బిగించి, బిడ్డని చంకనేసుకొని బయలుదేరింది. జుట్టు పట్టి ఈడ్చడానికే వచ్చానని తరువాత నాతో చెప్పింది. ఆదివారం పొద్దున మమ్మల్నిద్దరినీ సీతారామపురం బస్సెక్కించాడు. ఇక్కడ చర్చిలో నాలుగు సంఘాల జనం, మైకు, పూలదండ. పాస్టరుగారు మూడుసార్లు పేరు పిలిచి, చివరికి తన పెళ్ళానికి అజీర్తి తగ్గిన సాక్ష్యం తనే చెప్పుకున్నారట.

బస్సులో వాడు జేబులో కాగితం తీసి నాకిచ్చాడు. వంద మార్కుల దగ్గర "వెంకమ్మ గడప" అని ఉంది.

ముసలామె ఇంటి ముందు చింతపండు ఈనెలు తీస్తూ కూర్చోనుంది. వీడిని చూసి, "రాగులోడివి నువ్వేనా" అంది. రాహేలు ఆమె నెరిసిన జుట్టు చూసి, కొంగు వదులు చేసి, నా వెనక్కి తప్పుకుంది. వీడు కూర్చోలేదు. గుంజ పట్టుకొని నిలబడ్డాడు. నేను లోపల ప్రార్థన మొదలుపెట్టాను, ఏ పాపమైనా చెప్పనీ గాని హత్య మాత్రం వద్దు ప్రభువా అని.

చెప్పాడు వదినా. గట్టు పడ్డాక చెంచయ్య నడుము దాకా మట్టిలో ఉన్నాడట. వీడు ఒక బండ కింద సందులో. ఒకరికొకరు కనబడరు, గొంతులే. ఆ రాత్రంతా చెంచయ్య మాట్లాడుతూనే ఉన్నాడట. వీడికి తల పగిలిపోతుంది, గాలి ఆడదు.

"నేను వాణ్ణి నోరు మూసుకోమన్నా పెద్దమ్మా. కాసేపు నోరు మూసుకోని చావరా అన్నా. ఆ మాటే అన్నా. వాడు మూసుకున్నాడు. మళ్ళా మాట్లాడలా. నేను పిల్చినా పలకలా."

ఇదీ వాడు పద్నాలుగు సంఘాల్లో దాటేసింది. నాకు ఏడుపు ఆగలేదు. ఇంత మాటకి తొమ్మిది నెలలు చచ్చాడా అనుకున్నాను. వెంటనే నేను ఎన్నిసార్లు ఎవరెవరిని ఆ మాట అన్నానో గుర్తొచ్చింది. నేనన్న వాళ్ళెవరూ చచ్చిపోలేదు, అంతే తేడా.

వెంకమ్మ చేతిలో ఈనె అట్లాగే ఉంది. తరువాత అంది, "ఇరవై ఆరేండ్లు చెప్పినా నేను వాణ్ణి నోరు మూసుకోమని. వాళ్ళ నాయన చెప్పినాడు, బళ్ళో అయివారు చెప్పినాడు. ఒక్కనాడు ఇన్లా. నువ్వెంతోడివిరా, నీ మాట ఇంటాడా వాడు? వాడు నీ మాటకి మూసుకోలా. ప్రాణం పొయ్యి మూసుకున్నాడు."

వీడు గుంజ పట్టుకొనే కిందకి జారాడు. వెంకమ్మ లేచి వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ రాత్రంతా ఏం మాట్లాడినాడు?" అని అడిగింది.

వీడు చెప్పడానికి సందేహించాడు. చివరికి చెప్పాడు. మేస్త్రీని తిట్టాడట, దోమల్ని తిట్టాడట. ఆ పొద్దున అమ్మ కట్టిచ్చిన సంగట్లో ఉప్పు తక్కువైందని పదిసార్లు అన్నాడట.

ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడుపు వచ్చేసింది. "ఉప్పుందిరా దాంట్లో. అబద్ధం. నేనే ఏసినా" అని నేల మీద చేత్తో కొట్టింది. రాహేలు బిడ్డని నాకిచ్చి, వెళ్ళి ఆమెని పట్టుకుంది. నేను బిడ్డనెత్తుకొని ముక్కు తుడుచుకోవడానికి కొంగు కూడా దొరక్క నిలబడ్డాను.

కాస్త తేరుకున్నాక ఆమె వాడిని తిట్టింది. ఎస్తేరు వదినా, అట్లాంటి తిట్లు నేను బళ్ళో కూడా వినలేదు, సగం రాయలేను. "ఊరూరా తిరిగి మైకులో చెప్పినావంట గదరా. మా ఊరోళ్ళు ఇని వచ్చి చెప్పినారు. నా బిడ్డ ఎట్టా పోయినాడో కలిగిరోళ్ళకి తెలుసు, వింజమూరోళ్ళకి తెలుసు. నాకు మాత్రం రాగులు పెట్టి పరిగెత్తినావా? రాగులెవురికి కావాల? అవి కోళ్ళకేసినా. వాడు చివర ఏం మాట్లాడినాడో నువ్వొక్కడివే ఇన్నావు. కూసో. మొదట్నించి చెప్పు."

వాడు కూర్చున్నాడు. పొద్దున దిగిన దగ్గర్నుంచి చెప్పాడు. మధ్యలో ఆమె అడ్డం వస్తూ, అప్పుడు వాడి గొంతు ఎట్లా ఉంది, నన్ను ఏమని పిలిచాడు అని అడుగుతుంది. వాడు ఆగి, కళ్ళు మూసుకొని, గుర్తు తెచ్చుకొని చెబుతాడు. ఈసారి లేచిపోలేదు. నేను ఆ ముసలామెని చూసి, ఈమెకి ఏ బెంగుళూరులో నేర్పారు అనుకున్నాను.

రెండు గంటల బస్సు పోయింది. ఐదు గంటల బస్సు కండక్టరుతో రాహేలు వాళ్ళ నాయనకి కబురు పంపింది, రేపు పెద్దల్ని పిలవద్దని, తను ఉదయగిరికే పోతున్నానని. పోదాం లెమ్మంటే వెంకమ్మ వాడి చెయ్యి వదల్లేదు. అప్పుడే వాడు చెప్పడం ముగించాడు. ఆమె కళ్ళు తుడుచుకొని, చింతపండు చేట పక్కకి జరిపి, "ఇంకొకసారి చెప్పు" అంది.

నీ వరదమ్మ